రెండోసారి కొట్టిన మాట

పరిశోధన చేసినన్నాళ్లూ నా పని ఇతరుల తప్పులు చదవడమే. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు వెతుక్కోవడానికి గోడ వారగా కొన్ని కంప్యూటర్లు ఉండేవి. వాటి ముందు నిలబడి విద్యార్థులు ఏ మాట కొట్టారు, ఎన్ని గంటలకు కొట్టారు, వచ్చిన జాబితాలో దేనిమీద నొక్కారు, ఇవన్నీ ఒక ఫైలులో వరుసగా పడుతుండేవి. మనుషుల పేర్లు ఉండవు. కంప్యూటరు నంబరు, సమయం, మాట, నొక్కిన పుస్తకం, అంతే. రోజూ పొద్దున్నే డిపార్టుమెంటుకు వచ్చి ఆ ఫైలు తెరిచి నిన్నటి తప్పులు చదివేదాన్ని.

చాలా మాటల పక్కన "ఫలితాలు లేవు" అని ఉండేది. పుస్తకం లేక కాదు. "విద్య"ను "విధ్య" అని కొడితే ఆ యంత్రానికి అది వేరే మాట. "భాష"ను "బాష" అంటే అదీ వేరే మాటే. లోపల అరలో ఆ పుస్తకం నాలుగు కాపీలు దుమ్ము పట్టి ఉన్నా, లేదని చెప్పి పంపించేసేది. దీన్ని బాగుచేసే ప్రాజెక్టు మా గైడుకు వచ్చింది. తప్పు కొట్టినవాళ్లకు "మీరు వెతుకుతున్నది ఇదా?" అని సరైన మాట చూపించాలి. ఆ ఒక్క వాక్యం కోసం నేను పీహెచ్‌డీలో చేరాను.

మేము అప్పటికి చాలా ఏళ్లుగా తార్నాకలోనే ఉంటున్నాం. మా అమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ చర్చి వాళ్ల బడిలో తెలుగు చెప్పి రిటైరయింది. ఒత్తుల దగ్గర చాలా గట్టి మనిషి. నా పనేమిటో చెబితే కాసేపు ఆలోచించి, "ఇంతోటి దానికి యంత్రం ఎందుకే? ఎర్ర పెన్నుతో నేను ముప్పయ్యేళ్లు చేసిన పనేగా," అంది. నేను నవ్వాను. అమ్మకు ఏం తెలుసులే అనుకున్నాను.

మొదటి ఏడాది నిఘంటువును నమ్ముకున్నాం. కొట్టిన మాటకు నిఘంటువులో దగ్గరగా ఉన్న మాట ఏదో చూసి దాన్ని చూపించడం. ఒక అక్షరం తేడా ఉంటే బాగా దగ్గర, రెండయితే కొంచెం దూరం. లెక్క బాగానే ఉంది గానీ ఫలితం నవ్వులపాలయింది. ఎవరో "కైతలు" అని కొట్టారు. తెలంగాణలో కవితలను అలా అంటారని మేము వాడిన నిఘంటువుకు తెలియదు. మీరు వెతుకుతున్నది "కోతలు" కదా అంటూ, కవిత్వం అడిగిన మనిషికి వరి సాగు పుస్తకాలు చూపించింది. డిపార్టుమెంటులో రెండు వారాలు అదే జోకు.

అప్పుడు మా గైడు దారి మార్చారు.

"నిఘంటువును కాదమ్మా, మనుషుల్ని అడుగుదాం," అన్నారు. "ఒకడు ఒక మాట కొట్టాడు, ఏమీ రాలేదు. వెంటనే దాన్ని మార్చి ఇంకోటి కొట్టాడు. ఈసారి వచ్చింది, నొక్కాడు. అంటే వాడి తప్పు వాడే దిద్దుకున్నట్టు కదా? అలాంటి జతలు వెతుకు. పదిమంది అదే జత కొడితే అది ఒప్పు."

ఆలోచన నాకు నచ్చింది. మొదటిసారి కొట్టిన మాట, రెండోసారి కొట్టిన మాట. ఒక నిమిషం లోపల రెండూ పడితే జత కింద తీసుకున్నాను. ఆశగా చూస్తే చాలావరకు చెత్తే. తప్పును ఇంకో తప్పుగా మార్చినవాళ్లు, విసుగొచ్చి వేరే సంగతి వెతికినవాళ్లు. మనిషికి తన తప్పు ఎక్కడుందో తెలిస్తే మొదటిసారే సరిగ్గా కొట్టేవాడు కదా అని నాకు అప్పటికి తట్టలేదు.

ఒకరోజు ఊరికే ఆ నిమిషం హద్దు తీసేసి చూశాను. అయిదు నిమిషాలు, ఏడు నిమిషాలు, పది నిమిషాలు ఎడం ఉన్న జతలు బయటికొచ్చాయి. వాటిని చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ముత్యాల్లా ఉన్నాయి. "అర్ధశాస్త్రం" అని కొట్టి, ఏడు నిమిషాల తర్వాత అదే కంప్యూటరులో "అర్థశాస్త్రం". "రుతువులు" అని కొట్టి, ఆరు నిమిషాల తర్వాత "ఋతువులు". ఒక్క అక్షరాలే కాదు, మాటలు కూడా మారుతున్నాయి. "జమీన్ల లెక్క" అని కొట్టినవాళ్లు ఎనిమిది నిమిషాల తర్వాత "భూమి శిస్తు" అని కొట్టి, వచ్చిన మొదటి పుస్తకం మీదే నొక్కారు.

ఈ మధ్యలో వాళ్లు ఏం చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. గైడును అడిగాను.

"టీ తాగొచ్చి ఉంటారు," అన్నారు.

"టీ తాగితే ఒత్తులు వస్తాయా సార్?"

ఆయన నవ్వేసి, "మంచి డేటా వచ్చింది కదా, కారణం ఎందుకు? వాడెయ్," అన్నారు.

నాకు ఆగలేదు. మర్నాడు లైబ్రరీకి వెళ్లి ఆ కంప్యూటర్ల వెనక బల్ల దగ్గర పుస్తకం ఒకటి తెరుచుకుని కూర్చున్నాను. పదకొండు గంటలప్పుడు ఒక అమ్మాయి వచ్చింది. ఏదో కొట్టింది. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది. తర్వాత బ్యాగు సర్దుకుని, స్తంభం పక్కన ఉన్న కౌంటరు దగ్గరికి నడిచింది. అక్కడ ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక నిలబడింది.

కౌంటరు వెనక ఒకావిడ ఉన్నారు. యాభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. నేను అదే లైబ్రరీకి ఎన్నోసార్లు వచ్చాను, ఆవిడ ముందు నుంచే నడిచాను, ఒక్కసారీ చూడలేదు.

"ఏం కొట్టినవ్ బిడ్డా?" అని అడిగిందావిడ.

"అర్ధశాస్త్రం మేడం. లేదని వస్తుంది."

"ఏ ధ కొట్టినవ్? సగం అన్నట్టు కొట్టినవా? గట్ల కాదు. కడుపుల చుక్క ఉంటది చూడు, గా థ కొట్టాలె. గిట్ల." ఒక కాగితం ముక్క మీద రాసి చేతికిచ్చింది. "పో, ఇప్పుడు కొట్టు. వస్తది. రాకపోతే మళ్ల రా."

ఆ అమ్మాయి కాగితం చూసుకుంటూ వచ్చి కొట్టింది. వచ్చింది.

నేను చూసుకున్న గడియారంలో ఏడు నిమిషాలు గడిచాయి. మా ఫైలులో ఆ ముత్యాలన్నీ ఈ మనిషి చేతిరాత నుంచి వచ్చినవి. మనుషులు తమ తప్పులు తామే దిద్దుకుంటున్నారని మేము అనుకున్నాం. ఎవరూ దిద్దుకోవడం లేదు. నడిచి వెళ్లి ఈవిడను అడుగుతున్నారు.

ఆ రోజే వెళ్లి పరిచయం చేసుకున్నాను. వారాసిగూడలో చెల్లెలి ఇంటి పక్కవాటాలో ఉంటుంది. ఇరవయ్యేళ్లకు పైగా ఆ లైబ్రరీలో కాంట్రాక్టు మీదే పనిచేస్తోంది. పుస్తకాల వివరాలు అట్ట కార్డుల మీద రాసి సొరుగుల్లో పెట్టే కాలంలో చేరి, ఆ కార్డుల్లో చాలావాటిని తన చేత్తోనే రాసింది. అవి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు పక్కన కూర్చుని ఒత్తులు సరిచూసింది కూడా ఆవిడే. దూరవిద్యలో డిగ్రీ చేసింది. ఉద్యోగం పేరు మాత్రం సహాయకురాలు. నేను చేసే పని చెబితే కళ్లద్దాలు పెట్టుకుని నా వైపు చూసి, "అంటే నేన్ చెప్పేది గా మిషన్ చెప్తదా?" అంది. అవునన్నాను. "మంచిదే గదా. నా గొంతు నొప్పి తగ్గుతది. గీడ కూసో చెల్లె," అని స్టూలు జరిపింది.

రెండు నెలలు ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడను అక్కా అని పిలిచేదాన్ని. ఎవరు ఏ తప్పు ఎందుకు చేస్తారో అక్క దగ్గర నేర్చుకున్నంత నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఒకసారి అడిగాను, అంత చదువుకున్న పిల్లలు "విద్య"ను "విధ్య" అని ఎందుకు కొడతారని.

"వాళ్లకు తెల్వక కాదు చెల్లె. ఫోన్ల ఇంగ్లీషు అక్షరాలతోని తెలుగు కొట్టుడు అలవాటైంది. ద అంటే డి హెచ్ అని మనసుల పడ్డది. గీడ డి హెచ్ కొడితే ధ పడతది. మనిషికి తెలుసు, వేళ్లకు తెల్వదు."

నా థీసిస్ మూడో అధ్యాయం మొత్తం ఆ మాటే. ఇంగ్లీషులో ముప్పై పేజీలకు పెంచాను.

ఇంకోసారి, మధ్యాహ్నం డబ్బా తెరిచి నాకు పచ్చిపులుసు పోస్తూ అడిగింది, "నువ్వు రాసే పుస్తకంల నా పేరొస్తదా?"

"ఎందుకు రాదక్కా? మొదటి పేజీలోనే వస్తుంది," అన్నాను.

ఆవిడ సిగ్గుపడి, "మా చెల్లెలికి చూపిస్త. ఇన్నేండ్లు ఏం పని చేస్తున్నవే అని అడుగుతది," అంది.

అక్క చెప్పినవీ, ఆవిడ వల్ల పడ్డ జతలూ కలిపి మా పద్ధతి తయారయింది. లైబ్రరీ కంప్యూటర్లలో పెట్టిన రోజున అక్కే మొదట వచ్చి కావాలని ఒక్కో మాటా తప్పుగా కొట్టింది. ప్రతిదానికీ కింద "మీరు వెతుకుతున్నది ఇదా?" అని సరైన మాట వచ్చింది. "జమీన్ల లెక్క" అని కొడితే "భూమి శిస్తు" వచ్చింది. చప్పట్లు కొట్టింది. "అరె, అచ్చం నా లెక్కనే చెప్తున్నది!" అని పక్కనున్న క్లర్కును పిలిచి చూపించింది.

తర్వాత పేపరు రాశాం. చిత్తుప్రతిలో నేను ఒక పేరా రాశాను. ఎడం ఎక్కువున్న జతల వెనక కౌంటరు ఉందని, అక్కడ కూర్చున్న ఒక అనుభవజ్ఞురాలి మాటే ఈ సమాచారానికి మూలమని, ఆవిడ పేరుతో సహా. గైడు ఆ పేరా చుట్టూ పెన్సిలుతో గీత గీసి నన్ను పిలిచారు.

"ఇది ఉంటే పేపరు నిలబడదమ్మా. వాడుకరుల ప్రవర్తన నుంచి యంత్రం తనంతట తాను నేర్చుకుంటుంది అని కదా మన పాయింటు? మధ్యలో ఈవిడెవరు? రివ్యూ చేసేవాళ్లు మొదటి ప్రశ్న అదే వేస్తారు. ఈవిడ లేని లైబ్రరీలో ఇది పనిచేస్తుందా అంటే ఏం చెబుతావు?"

"పనిచేయదేమో సార్."

"అది రాసుకుంటామా మనం?"

"కనీసం కృతజ్ఞతల్లోనైనా..."

"కృతజ్ఞతల్లో రాస్తే ఎందుకు అని అడుగుతారు. థీసిస్‌లో చూసుకుందాంలే."

ఆయన బలవంతం చేశారని చెబితే అబద్ధమవుతుంది. పెన్సిలు గీత మాత్రమే గీశారు. ఆ పేరా చెరిపింది నేను. నా గదిలో, నా కంప్యూటరులో, నా వేలితో. పేపరు అచ్చయింది. థీసిస్ రాసేటప్పుడు పేపరుతో పొంతన ఉండాలన్నారు. అక్కడా రాయలేదు. కృతజ్ఞతల పేజీలో దేవుడు, అమ్మ, గైడు, డిపార్టుమెంటు సిబ్బంది ఉన్నారు. "లైబ్రరీ సిబ్బందికి" అని ఒక ముక్క కలిపి, అది సరిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను.

అదే సమయంలో లైబ్రరీ వాళ్లు కొత్త ఏర్పాటు ఎలా పనిచేస్తోందో ఒక రిపోర్టు ఇమ్మన్నారు. సంబరంగా రాశాను. మంచి తెలుగులో రాసి అమ్మ చేత ఒకసారి చదివించాను కూడా. అందులో ఒక వాక్యం ఉంది: "సహాయం కోసం కౌంటరు వద్దకు వచ్చేవారి సంఖ్య గణనీయంగా తగ్గింది." అది నా పద్ధతి గొప్పదనానికి రుజువని రాశాను. అమ్మ ఆ రిపోర్టులో ఒక కామా తప్ప ఏమీ దిద్దలేదు.

రిపోర్టు ఇచ్చిన కొన్ని నెలలకు, థీసిస్ పని తెమలక చాలా రోజులు లైబ్రరీ వైపు వెళ్లని నేను ఒక ఉదయం వెళ్లాను. స్తంభం పక్కన కౌంటరు లేదు. దాని చోట రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పూలకుండీ పెట్టారు. అక్క సెలవులో ఉందేమో, కౌంటరు వేరే చోటికి మార్చారేమో అనుకుని క్లర్కును అడిగాను.

"కాంట్రాక్టు రెన్యూ చేయలే మేడం. కౌంటరుకు ఎవరూ వస్తలేరు గదా, ఎందుకని అన్నరు."

"ఎవరన్నారు?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "మీ రిపోర్టే పెట్టిన్రు గదా ఫైల్ల. మీకు తెల్వదా?"

నాకు తెలియదని చెప్పి బయటికి వచ్చాను. మెట్ల మీద నిలబడి అక్కకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం మళ్లీ చేద్దామనుకున్నాను. చేయలేదు. వారాసిగూడ ఎంత దూరం? తార్నాక నుంచి ఆటోలో వెళితే ఎంతసేపు? వెళ్లలేదు. వైవా అయ్యాక వెళదామనుకున్నాను. వైవా అయింది, నా పేరు ముందు డాక్టరు చేరింది, అమ్మ చర్చిలో అందరికీ లడ్డూలు పంచింది. అదే ప్రాజెక్టులో నాకు ఉద్యోగం ఇచ్చారు. అప్పుడు మాత్రం ఏ ముఖం పెట్టుకుని వెళ్లడం అనిపించింది. ఆలస్యం చేసినకొద్దీ వెళ్లకపోవడానికి కారణం పెద్దదవుతూ వచ్చింది.

ఏడాది తిరిగేసరికి మా పద్ధతి చెడిపోవడం మొదలయింది. అది రోజూ కొత్త జతలు నేర్చుకుంటూ ఉండేలా కట్టాం, అదే దాని గొప్ప అని పేపరులో రాశాం. ఇప్పుడు నేర్పేవాళ్లు లేరు. "ఫలితాలు లేవు" అని వచ్చాక అక్క ఉన్న రోజుల్లో ఏడు నిమిషాలకు ఒక మంచి మాట పడేది. ఇప్పుడు ఏమీ పడటం లేదు. మళ్లీ ఏదైనా పడితే అది వేరే మనిషి వచ్చి వేరే మాట కొట్టడమే. మొదటి మనిషి వెళ్లిపోయాడన్నమాట. మిగిలిన జతలన్నీ తప్పును తప్పుతో కలిపినవే. దానికి తోడు కొత్తగా ఎక్కించిన థీసిస్‌ల శీర్షికలను ఎవరూ సరిచూడటం లేదు. వాటిలో ఎక్కడ చూసినా "అర్ధశాస్త్రం" అనే ఉంది. విద్యార్థులు అవే నొక్కుతున్నారు. ఎక్కువమంది ఎటు నొక్కితే అదే ఒప్పు అని దానికి నేర్పింది నేనే. అది నేర్చుకుంది.

ఒకరోజు అమ్మ నా లాప్‌టాప్‌లో లైబ్రరీ పేజీ తెరిచి ఏదో పుస్తకం వెతుకుతోంది. "అర్థశాస్త్రం" అని శుభ్రంగా కొట్టింది. కింద "మీరు వెతుకుతున్నది అర్ధశాస్త్రమా?" అని వచ్చింది.

అమ్మ కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చదివింది.

"ఇదేంటే? సరిగ్గా కొడితే తప్పు చేసుకోమంటుంది? సగం శాస్త్రమట!"

"కొంచెం పాడయిందమ్మా. బాగుచేస్తాం."

"పిల్లలు దీన్ని చూసే రాసుకుంటారు గదా?"

వాళ్లు దాన్ని చూసే రాస్తున్నారు, అది వాళ్లను చూసే చెబుతోంది. ఇద్దరికీ మధ్యలో ఉన్న మనిషిని నేనే లేపించాను.

ఫిర్యాదులు వచ్చాక మీటింగు పెట్టారు. ఆ మీటింగులో మొదటిసారి నోరు విప్పి జరిగింది జరిగినట్టు చెప్పాను. కౌంటరు గురించి, ఆ ఎడం గురించి, పేపరు నుంచి తీసేసిన పేరా గురించి. మా గైడుకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"సెంటిమెంటు పక్కన పెడితే, పాయింటు ఉంది," అన్నారు. "ఆవిడనే పిలిపిద్దాం. ఒక ఆరు నెలలు కూర్చోబెట్టి జతలు దిద్దిద్దాం. యంత్రం మళ్లీ దారిలో పడుతుంది. నీకు పరిచయం కదమ్మా, నువ్వే మాట్లాడు."

క్లర్కును అడిగితే అక్క అడిక్‌మెట్‌లో ఒక డీటీపీ షాపులో పనిచేస్తోందని చెప్పాడు. క్యాంపస్ నుంచి నడిచే వెళ్లాను. హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు షాపులు ఉన్న సందులో, మూడు కంప్యూటర్లు పట్టే చిన్న గది. థీసిస్‌లు టైపు చేసి బైండింగ్ చేసిచ్చే చోటు. లోపలి కంప్యూటరు ముందు అక్క కూర్చుని టైపు చేస్తోంది. కళ్లద్దాల తాడు మారింది. జుట్టు బాగా తెల్లబడింది.

నన్ను చూసి చేతులు ఆపింది. "రా మేడం," అంది.

చెల్లె అనలేదు. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఎలా ఉన్నావక్కా అని అడిగాను. మంచిగనే ఉన్న అంది. ఫోన్ చేశానని చెప్పాను. "ఒక్కసారి చేసినవ్. చూసిన," అంది.

నేను వచ్చిన పని చెప్పాను. ఎలా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మీ అవసరం ఉందక్కా, ఈసారి సరైన గౌరవం ఉంటుంది, ఒక ఆరు నెలలు అని ఏదో అమ్మేవాళ్లలా మాట్లాడాను. ఆవిడ అంతా విని ఒకటే అడిగింది.

"నీ పుస్తకంల నా పేరున్నదా?"

"లేదక్కా."

"నాకెర్కే. సదివిన."

నాకు అర్థం కాలేదు.

"పోయిన ఎండాకాలం ఒక పిల్ల వచ్చింది. గిట్లనే సెట్ చేయాలె అని నీ పుస్తకం తెచ్చి నా ముంగట పెట్టింది. పేజీకి పేజీ చూసుకుంట కొట్టిన నేను. మూడో చాప్టర్ల నా మాటలున్నయ్. ఇంగ్లీషుల ఉన్నయ్ గని నావే, నాకు తెల్వదా? ఒక్కో మాట కాడ ఎవరన్నరు అని చూస్తే యూజర్స్, యూజర్స్ అని ఉన్నది. నేను యూజర్నా మేడం? నేను ఒక్కసారన్న గా మిషన్ల ఏమన్న ఎతుక్కున్ననా?"

"తప్పయింది అక్కా."

"రిపోర్టు గూడ నువ్వే రాసినవంట గదా. మంది తగ్గిన్రు అని. గది అబద్ధం గాదు. నిజంగనే తగ్గిన్రు. నేనే చూసిన రోజూ, కూసొని. రోజుకింత తగ్గుతుంటే సంబురపడ్డ. మా చెల్లె పని మంచిగ అయింది అనుకున్న."

ఈలోగా ఒక విద్యార్థిని వచ్చి తన కాగితాలు అయ్యాయా అని అడిగింది. అక్క కట్ట తీసి ఇస్తూ, "పైన 'విధ్యార్ధులు' అని రాసినవ్, మార్చిన. చూస్కో," అంది. ఆ అమ్మాయి ఫోన్‌లో లైబ్రరీ పేజీ తెరిచి కొట్టి చూసి, "ఇందులో అట్లనే వస్తుంది కదా ఆంటీ," అంది. అక్క ఆమెతో వాదించలేదు. "నీ ఇష్టం. ఏది కావాల్నో చెప్పు, గదే పెడ్త," అంది. నేను కౌంటరు దగ్గర చూసిన మనిషి అలా అనేది కాదు.

ఆ అమ్మాయి వెళ్లాక నా వైపు తిరిగింది.

"నేను రాను. కోపంతోని అంటున్న అనుకుంటవేమో. కోపం ఉన్నది, లేదనను. గని గదొక్కటే గాదు. నేనొచ్చి కూసుంట, ఆర్నెల్లు చెప్త. మిషన్ నేర్సుకుంటది. నేర్సుకున్నంక మళ్ల నన్ను లేపుతరు. గీ పని ఎన్నిసార్లు చేయాలె నేను?"

"నేను అలా జరగనివ్వను అక్కా."

"అప్పుడు ఏం చేసినవ్?"

అడిగి, జవాబు కోసం చూడకుండా స్క్రీను వైపు తిరిగి టైపు చేయడం మొదలుపెట్టింది. నేను లేచి వచ్చేశాను.

గైడుకు ఆవిడ రాదని చెప్పాను. "సరే, ఇంకెవరినైనా చూద్దాం," అన్నారు. ఇద్దరు ఎం.ఏ. విద్యార్థులను పెట్టారు. వాళ్లిద్దరికీ ఒకరు ఒప్పన్నది ఇంకొకరికి తప్పు. ఆరు నెలలు కాకముందే లైబ్రరీ వాళ్లు బయటి నుంచి తయారుగా ఉన్న వేరే సాఫ్ట్‌వేర్ కొని మాది తీసేశారు. కొత్తదానిలో తెలుగు మాటలకు సూచనలే రావు. తప్పు కొడితే ఏమీ లేదంటుంది, ఊరుకుంటుంది.

నేను రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి లైబ్రరీకి, ఆ రిపోర్టులోని వాక్యాన్ని ఒక మనిషి ఉద్యోగం తీయడానికి వాడారని, ఆ మనిషే లేకపోతే ఆ పద్ధతే లేదని. దానికి అందినట్టు ముద్ర వేసిచ్చారు, జవాబు రాలేదు. రెండోది పేపరు వేసిన పత్రికకు, ఆ పేరా చేర్చమని. రచయితలందరూ సంతకం పెట్టాలన్నారు. గైడు పెట్టలేదు. "నీ డిగ్రీ మీదకే వస్తుంది, ఆలోచించుకో," అన్నారు. ఆలోచించుకున్నాను. ఆ ఉత్తరం మళ్లీ పంపలేదు. ప్రాజెక్టు మాత్రం మానేసి, ఉప్పల్ దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మానేయడం వల్ల అక్కకు ఒరిగిందేమీ లేదు. నాకు ఊపిరాడక మానేశాను.

మా పేపరును ఇప్పటికీ ఎవరో ఒకరు ఉదహరిస్తున్నారు. వాడుకరులు తమ తప్పులను తామే సరిదిద్దుకుంటారని ఇందులో తేలింది అని రాస్తారు. అలాంటిది కనిపించినప్పుడల్లా ఆ పేజీ మూసేస్తాను.

కిందటి నెల తార్నాకలో మెట్రో మెట్ల కింద అమ్మా నేనూ పళ్లు కొంటుంటే అక్క ఎదురుపడింది. చేతిలో మందుల సంచీ ఉంది. పక్కకు తప్పుకుంటుందనుకున్నాను. నేనే తప్పుకుందామని కూడా అనుకున్నాను. కానీ ఆవిడ ఆగింది. అమ్మకు నమస్కారం పెట్టి, "అమ్మా, మంచిగున్నరా?" అని అడిగింది. నేను ఎప్పుడో కౌంటరు దగ్గర చెప్పిన సంగతులు గుర్తుపెట్టుకుని, "తెలుగు టీచరంట గదా మీరు," అంది.

అమ్మ ముఖం వెలిగింది. "మా అమ్మాయి మీకెలా తెలుసు?"

అక్క నా వైపు చూసింది. అంతా చెప్పేయవచ్చు. మా అమ్మ వినేది, ఆవిడ పక్షాన నిలబడేది కూడా.

"లైబ్రరీల చూసిన," అంది అక్క. సికింద్రాబాద్ వైపు బస్సు వస్తే పరుగులాంటి నడకతో వెళ్లి ఎక్కింది.

"ఎవరే ఆవిడ? ఎంత మర్యాదగా మాట్లాడింది," అంది అమ్మ. "లైబ్రరీలో ఏం చేసేది?"

"కౌంటర్లో కూర్చునేది," అన్నాను.

అమ్మ తలూపి, జామకాయలు దోరగా ఉన్నాయో లేదో నొక్కి చూడసాగింది.